క్రీమక్క కట్టిన మట్టి తీగల గోడ

ఇరవై రెండేళ్ల పాటు ఆమె పని ఒక్కటే, కేకుల మీద పూలు పూయించడం. బేకరీ వెనక గదిలో స్టీలు బల్ల ముందు నిలబడి, కుడిచేత్తో క్రీము సంచి నొక్కుతూ, ఎడమచేత్తో కేకు పెట్టిన పళ్లేన్ని తిప్పుతూ, ఒక్కో గులాబీని పదకొండు రేకులకు ముగించేది. పన్నెండో రేకు వేస్తే పువ్వు బొద్దుగా అయిపోతుందని, పదితో ఆపితే బక్కచిక్కి కనిపిస్తుందని ఆమె నమ్మకం. వీధిలో అందరూ ఆమెను క్రీమక్క అనేవారు. అసలు పేరు ఆసుపత్రి చీటీ మీద తప్ప ఎక్కడా అవసరం పడలేదు.

ఆ ఆసుపత్రి చీటీ నలభై నాలుగో ఏట వచ్చింది. మొదట బొటనవేలిలో చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమైంది. ఒక మధ్యాహ్నం మూడంతస్తుల పెళ్లి కేకు దాదాపు పూర్తయిన వేళ, నిండు క్రీము సంచి చేతిలోంచి జారి సరిగ్గా కేకు నడినెత్తిన పడింది. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందని డాక్టరు చిన్న ఆపరేషను చేశాడు.

"చెయ్యి బాగవుతుందమ్మా. కానీ రోజంతా సంచి పిసికే పని మాత్రం మానెయ్యాలి. మళ్లీ పిసికితే మళ్లీ నా దగ్గరికే వస్తారు," అన్నాడు.

బేకరీ యజమాని చెడ్డవాడు కాదు. ఆమెను ముందు గదిలో కూర్చోబెట్టి అట్టపెట్టెలకు రిబ్బను కట్టే పని ఇచ్చాడు. ఆమె స్థానంలో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. ఆ అమ్మాయి గులాబీలు కాస్త ఒక పక్కకు ఒరిగేవి. క్రీమక్క చూస్తూ ఊరుకోలేక, పెట్టె మూసే ముందు పంటిపుల్లతో ఒక్కో రేకును సర్దేది. మూడో వారంలో ఒకరోజు ఆ అమ్మాయి అది చూసింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే క్రీమక్క ఏప్రన్ విప్పి మడతపెట్టి యజమాని చేతిలో పెట్టింది.

"నా చేతిలో పని లేదని ఇంకొకరి పనికి వంకలు పెడుతూ కూర్చోలేనండి," అంది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. నెమ్మదస్తుడు. "కొన్నాళ్లు హాయిగా ఇంట్లో ఉండు," అన్నాడు. ఆ హాయి ఆమెకు మూడు రోజులు కూడా ఒంటబట్టలేదు. అలమారలన్నీ ఖాళీ చేసి మళ్లీ సర్దింది. మెరిసే గిన్నెలను మళ్లీ తోమింది. "ఇంకో వారం నువ్వు ఇంట్లో ఉంటే గిన్నెలు అరిగి చిల్లులు పడతాయి," అని ఆయన గిన్నెలు తోమే పీచు దాచేశాడు.

అదే సమయంలో ఆమె ఆడపడుచుకు మోకాలు వాచింది. ఆ ఆడపడుచు రెండు వీధుల అవతల ఉంటుంది. డిజైన్ కాలేజీలో గదులు తుడిచే పని ఆమెది.

"వదినా, రెండు వారాలు నా బదులు వెళ్లగలవా? తుడవడమే. ఎడమచేత్తో తుడిచినా నేల ఏమీ అనుకోదు," అంది.

అలా క్రీమక్క ఆ కాలేజీ మెట్లెక్కింది.

మట్టి పనుల గది కింది అంతస్తులో, కారిడార్ చివర ఉంది. గోడల పొడవునా బల్లలు, బల్లల మీద సగం ఆరిన కుండలు, ఒక మూల కరెంటు బట్టీ. కిటికీ పక్కన ఆమె ఎన్నడూ చూడని యంత్రం ఒకటి ఉంది. మూడు పొడవాటి ఇనుప కడ్డీల మధ్య ఒక గొట్టం, ఆ గొట్టం నిండా మెత్తటి మట్టి, కింద సన్నటి నాజిల్. త్రీడీ ప్రింటర్ అన్నారు. కంప్యూటర్ దారి చెబితే నాజిల్ ఆ దారినే తిరుగుతూ మట్టిని తీగలా వదులుతుంది. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు, దాని మీద మరొకటి. అలా పొరలు పేరుకుని కూజా అవుతుంది.

క్రీమక్క తుడుపుకర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కనపడని మనిషెవరో సంచి పట్టుకుని క్రీము పెడుతున్నట్టే ఉంది ఆమెకు. కూజా జానెడు ఎత్తుకు వచ్చింది. అంతలో నడుము దగ్గర ఉబ్బి, ఒక పక్కకు ఒరిగి, మెత్తగా కూలిపోయింది. చుట్టూ ఉన్న విద్యార్థులు ఉసూరుమన్నారు. వాళ్లకు పాఠం చెప్పే మేడమ్ తల పట్టుకుంది. ముప్పై ఏళ్ల మనిషి, మోచేతుల దాకా మట్టి.

మర్నాడూ అదే జరిగింది. ఆ మర్నాడూ అంతే. ప్రతిసారీ కంప్యూటర్లో అంకెలు మార్చి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. మూడో రోజు విద్యార్థులు భోజనానికి వెళ్లాక క్రీమక్క బకెట్టు పక్కన పెట్టింది.

"మేడమ్, ఒక మాట చెప్పనా? తప్పయితే ఏమీ అనుకోకండి."

"చెప్పండక్కా."

"మట్టి పల్చగా ఉంది. పొద్దున కలిపినప్పుడు నిలబడుతోంది. గది వేడెక్కేసరికి మీరు నీళ్లు చిలకరిస్తున్నారు. ఇక అది ఎలా నిలబడుతుంది?"

మేడమ్ ఆమె వైపు తిరిగి కూర్చుంది. "మరి ఎంత చిక్కగా ఉండాలో ఎలా తెలుస్తుంది?"

క్రీమక్క గరిటె అడిగి తీసుకుంది. మట్టిలో ముంచి లేపితే మొన సాగి తోకలా వేలాడింది. కాస్త పొడిమట్టి కలిపి, మెదిపి, మళ్లీ లేపింది. ఈసారి మొన నిలబడి, చివర మాత్రం కొద్దిగా వంగింది.

"ఇలా. మొన వంగకపోతే నాజిల్‌లోంచి రాదు. పూర్తిగా వాలిపోతే గోడ నిలవదు. ఇంకోటి కూడా ఉంది. ప్రతి చుట్టూ అయ్యాక మీ మిషను ఒకచోట ఆగి పైకి లేస్తోంది. అది ఆగినా లోపల నొక్కుడు ఆగదు కదా. అక్కడే మట్టి ముద్ద కడుతోంది. కూజా ప్రతిసారీ ఆ పక్కకే పడుతోంది, చూశారా?"

మేడమ్ చూడలేదు. లేచి వెళ్లి, పడిపోయిన కూజాల ఫోటోలను ఫోన్లో ఒకటొకటిగా చూసుకుంది. అన్నీ ఒకే పక్కకు పడి ఉన్నాయి.

"మీరైతే ఏం చేస్తారు?"

"ఆగను. తిరుగుతూనే కొంచెం కొంచెంగా పైకి పోతాను. మొదటి నుంచి చివరి దాకా ఒకటే గీత."

ఆ మధ్యాహ్నం మేడమ్ దారిని మార్చింది. మట్టి క్రీమక్క కలిపింది. కూజా జానెడు దాటింది, రెండు జానలు దాటింది, మోకాలి ఎత్తుకు వచ్చి ఆగింది. విద్యార్థులు చుట్టూ మూగి ఫోటోలు తీసుకున్నారు. క్రీమక్క మాత్రం అప్పటికి గదిలో లేదు. ఇంకా మూడు గదులు తుడవాల్సి ఉండటంతో పైకి వెళ్లిపోయింది.

రెండు వారాలు గడిచాయి. ఆడపడుచు మోకాలు కుదుటపడింది. చివరి రోజు క్రీమక్క బకెట్టు అప్పగించి, తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"నాకు ఇది నేర్పండి."

"నేర్పుతాను. కంప్యూటర్ వచ్చా అక్కా?"

"రాదు. క్రీము పని కూడా నేను పుట్టుకతో తెచ్చుకోలేదు మేడమ్."

కాలేజీ ఆఫీసువాళ్లు ఏ చదువు ఉందని అడిగారు. ఆమె తన చదువెంతో ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లు కుదరదన్నారు. మేడమ్ పట్టు వదలకుండా నాలుగుసార్లు తిరిగి, మట్టి కలిపే సహాయకురాలు అని ఒక కొత్త పేరు పెట్టి పని ఇప్పించింది. ఉదయం మట్టి కలపడం, భోజనాల వేళ కంప్యూటర్ నేర్చుకోవడం.

నేర్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. కుడిచేతిని కాపాడుకోవాలి కనుక మౌస్ ఎడమచేత్తో పట్టింది. తెర మీద బాణం గుర్తు ఆమెను చూసి పారిపోతున్నట్టు అటూ ఇటూ పరుగెత్తేది. గీసిందంతా ఒక్క నొక్కుతో చెరిగిపోయేది. ఒకరోజు కళ్లు మండి, మెడ పట్టేసి, "ఇది నా వల్ల కాదు," అని కుర్చీ వెనక్కి తోసి లేచింది. చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. ముందు కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా మొత్తం దారి గీసుకునేది. ఆ గీత మీద వేలితో పదిసార్లు నడిచేది. దారి వేలికి వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చునేది. అప్పుడు బాణం కూడా మాట వినడం మొదలుపెట్టింది.

మూడో నెలలో అంచులు అలల్లా వంపు తిరిగిన గిన్నె ఒకటి చేసి ఇంటికి తెచ్చింది. భర్త దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది. కానీ మట్టి పోసేది మిషను, నువ్వు చూస్తూ నిలబడతావు. మరి ఇది నీ పని ఎలా అవుతుంది?"

ఆయన మామూలుగానే అడిగాడు. ఆమెకు మాత్రం గుచ్చుకుంది. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు ఆయన డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంటే, ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏవండీ, మీరు రోజూ బస్సును మోస్తున్నారా?"

"అదేం ప్రశ్న?"

"అదే మిమ్మల్ని మోస్తోంది. మీరు కూర్చుని ఉంటారు. మరి నడుం నొప్పి బస్సుకు రాదేం?"

ఆయన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "సరే, ఒప్పుకున్నాను. నా బస్సు జోలికి మాత్రం రాకు," అని నవ్వాడు. గిన్నెను తాళాలు వేసుకోవడానికి తలుపు పక్కన పెట్టుకున్నాడు.

మరుసటి ఏడాది కాలేజీకి ఒక పని వచ్చింది. ఊళ్లో పిల్లల ఆసుపత్రి వాళ్లు కొత్తగా పొడవాటి వరండా కట్టారు. పడమటి ఎండ నేరుగా పిల్లల మంచాల మీద పడుతోంది. గోడ కట్టేస్తే గాలి రాదు. గాలి, వెలుతురు వస్తూ ఎండ మాత్రం ఆగేలా, కళ్లకు ఇంపుగా ఉండే మట్టి పలకల తెర కావాలన్నారు. ఎనిమిది వరసలు, వరసకు పన్నెండు పలకలు. నమూనా ఎవరైనా ఇవ్వవచ్చని మేడమ్ చెప్పింది. విద్యార్థులతో పాటు క్రీమక్క కూడా కాగితం తీసుకుంది.

ఆమెకు నమూనా దొరికింది చెత్తబుట్ట దగ్గర. ఒకరోజు ఎవరో లెక్క తప్పుగా ఇవ్వడంతో నాజిల్ కూజా గోడ దాటి బయటికి వెళ్లి వచ్చింది. బయటికి వెళ్లిన ప్రతిసారీ మట్టి తీగ గాలిలో వేలాడి, చిన్న ఉయ్యాలలా కిందికి వంగి ఆగిపోయింది. పాడైందని దాన్ని పారెయ్యబోతుంటే క్రీమక్క చెయ్యి అడ్డం పెట్టింది. పెళ్లి కేకుల పక్కల నుంచి ఆమె వేలాడదీసిన క్రీము తీగలు ఇలాగే ఉండేవి. ఎంత బయటికి వెళితే తీగ ఎంత వంగుతుందో ఆమెకు వేళ్లలో ఉంది. ఆ తప్పునే కావాలని చేస్తే? పలక నిండా మట్టి తీగలు, తీగల సందుల్లోంచి గాలి. అక్కడక్కడా తీగ పొడవు మారుస్తూ పోతే పలక పలకకూ వేరే అల్లిక.

మేడమ్ ఆ నమూనా పలకను కిటికీలో పెట్టి చూసింది. నేల మీద నీడ వలలా పరుచుకుంది. విద్యార్థులు తమ కాగితాలు తామే మడిచి పెట్టేసుకున్నారు.

"ఇదే చేద్దాం అక్కా," అంది మేడమ్.

మొదటి విడతగా పన్నెండు పలకలు చేసి బట్టీలో పెట్టారు. తీసి చూస్తే తొమ్మిదింటికి మూలలు పగిలి ఉన్నాయి. విద్యార్థులు బట్టీ వేడి ఎక్కువైందన్నారు. క్రీమక్క పగిలిన పలకలన్నీ నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పగులునూ వేలితో తడిమింది. బట్టీలో పగిలితే అంచు పదునుగా ఉండాలి. ఇవి చాలావరకు నునుపుగా ఉన్నాయి. అంటే ఆరేటప్పుడే సన్నగా నెర్రెలు పడ్డాయి, మంట వాటిని పెద్దవి చేసింది.

"మూలలు ముందు ఆరిపోతున్నాయి, నడుమ ఇంకా తడిగా ఉంటోంది. అవి లాగుతున్నాయి, ఇది రానంటోంది," అంది.

మూలలను గుండ్రంగా మార్చింది. పలకలను కిటికీ దగ్గర నుంచి తీయించి, మూలలకు తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, పది రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండో విడతలో ఒకే ఒక్కటి పగిలింది.

ఇక గట్టెక్కామనుకునే వేళకు ఆసుపత్రి పెద్ద నర్సు పలకలు చూడటానికి వచ్చింది. పొడుగాటి మనిషి, మాట కరుకు. ఒక పలకను దగ్గరికి లాక్కుంది. చూపుడువేలు ఒక తీగలోకి దూర్చి లాగింది. తీగ పుటుక్కున విరిగింది.

"పిల్లలు ఇంతకంటే గట్టిగా లాగుతారు. విరిగిన ముక్క నోట్లో పెట్టుకుంటారు. నేను దీన్ని నా వార్డు పక్కన పెట్టనివ్వను," అంది.

మేడమ్ మొహం పాలిపోయింది. "తీగలు తీసేసి మామూలు చిల్లులు పెడదాం," అన్నారు విద్యార్థులు. క్రీమక్కకు కోపం రాలేదు. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని నర్సుతో అంది.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. నాకు నెల రోజులు ఇవ్వండి. మీరే వచ్చి మళ్లీ లాగండి. విరిగితే నేనే వద్దంటాను."

ఆ నెల ఆమెకు వేరే ధ్యాస లేదు. నాజిల్ లావుది మార్చింది. తీగ బరువెక్కి నేలకు జారింది. మట్టిలో ఇసుక కలిపింది. నాజిల్ పూడుకుపోయింది. తీగ పొడవు తగ్గించింది. గట్టిగానే ఉంది గాని వేలాడే అందం పోయి పళ్లదువ్వెనలా కనిపించింది. చేసినవన్నీ ఆమె వరసగా గోడ వారన పెట్టి, పక్కన తేదీ రాసి, ఏం మార్చిందో రాసింది. భోజనానికి కూడా లేవకపోతే ఆడపడుచు తుడుపుకర్రతో గుమ్మంలో నిలబడి, "వదినా, నువ్వు కదలకపోతే నిన్ను కూడా తుడిచేస్తాను," అని బెదిరించేది.

ఇరవై ఏడోసారికి దారి దొరికింది. ప్రతి తీగా ఒంటరిగా వేలాడుతోంది, అందుకే విరుగుతోంది. పై తీగ కొస వంగి వచ్చి కింది తీగ నడుముకు తగిలి అంటుకునేలా లెక్క కుదిరిస్తే? తడి మట్టి తడి మట్టిని పట్టుకుంటుంది. కాలాక రెండూ ఒకటే. అప్పుడు ఒక్క తీగను లాగితే చుట్టూ ఉన్న నాలుగు దాన్ని పట్టి ఉంచుతాయి. కాగితం మీద ఆ దారి గీయడానికే ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ముట్టీ ముట్టనట్టు తగిలితే అంటుకోదు, ఎక్కువ తగిలితే ముద్దవుతుంది. గోరు మందం తేడా.

నెల నిండిన రోజు నర్సు వచ్చింది. చూపుడువేలు దూర్చి లాగింది. తర్వాత రెండు వేళ్లతో లాగింది. తర్వాత పలకను బల్లకు అదిమిపట్టి, చేతి సంచి తీగకు తగిలించి వదిలింది. సంచి అలాగే వేలాడింది.

"ఇందులో ఏం పెట్టుకుని తిరుగుతారండీ, ఇంత బరువుంది?" అని అడిగింది క్రీమక్క.

"సగం ఆసుపత్రి," అంది నర్సు. ఆమె నవ్వగా చూడటం మేడమ్‌కు అదే మొదటిసారి.

తొంభై ఆరు పలకలు పూర్తవడానికి అయిదు నెలలు పట్టింది. బిగించిన రోజు సాయంత్రం ఎండ వరండా మీదికి వచ్చింది. మంచాల మీద పడాల్సిన ఎండ అల్లికలో చిక్కుకుని, దుప్పట్ల మీద సన్నటి నీడల తీగలుగా దిగింది. కాలికి కట్టుతో పడుకున్న ఒక చిన్నపిల్ల తన దుప్పటి మీద నీడను వేలితో పట్టుకుంటూ అది ఎక్కడికి పోతుందో చూస్తోంది. క్రీమక్క తలుపు దగ్గర నిలబడి చాలాసేపు ఆ పిల్లనే చూసింది. భర్త ఆ రోజు యూనిఫాంతోనే వచ్చాడు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తిరిగి వచ్చి, "నడుం నొప్పిగా ఉందా?" అని మాత్రం అడిగాడు. ఉందని తల ఊపింది.

ఆ పలకల గోడ కింద ఒక చిన్న రేకు మీద పేర్లు చెక్కించారు. కాలేజీ పేరు, మేడమ్ పేరు రాసి ఆపబోతుంటే మేడమ్ ఒప్పుకోలేదు. రూపకల్పన అన్నచోట క్రీమక్క అసలు పేరు మొదట వేయించింది. దాన్ని చదివిన ఆడపడుచు, "ఎవరే ఈవిడ?" అని తన వదిననే అడిగింది.

ఇదంతా జరిగి ఆరేళ్లయింది. ఇప్పుడు క్రీమక్క అదే మట్టి గదిలో పాఠాలు చెబుతుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులను మొదటి వారం యంత్రం దగ్గరికి రానివ్వదు. ఒక్కొక్కరి చేతికీ మట్టి నింపిన సంచి ఇచ్చి, బల్ల మీద ఒకటే గీతతో గిన్నె కట్టమంటుంది. కూలితే ఎందుకు కూలిందో వాళ్లనే చెప్పమంటుంది. కొందరు విసుక్కుంటారు. ఆమె పట్టించుకోదు.

పోయిన వర్షాకాలంలో మందుల బండి తగిలి ఆసుపత్రి గోడలో ఒక పలక పగిలిందని నర్సు ఫోన్ చేసింది. పాత దారి కంప్యూటర్లో భద్రంగా ఉంది. కానీ పాత మట్టి దొరికే చోటు మూతపడింది. కొత్త మట్టితో చేస్తే రంగు కాస్త ఎర్రగా తేలింది. మూడుసార్లు కాల్చి చూసినా అంతే. పక్కవాటితో కలవడం లేదని క్రీమక్క మొహమాటపడుతూనే తీసుకెళ్లింది. నర్సు కళ్లజోడు సర్దుకుని చూసి, "పెట్టండి. పిల్లలకు ఏదో ఒకటి వెతుక్కునేది ఉండాలి," అంది.

మూడో వరసలో, ఎడమ నుంచి అయిదోది. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దాన్ని బిగించి, చేతులు తుడుచుకుని, మధ్యాహ్నం తరగతికి టైమవుతోందని క్రీమక్క గబగబా బస్టాపుకు నడిచింది.